మామూలు పెట్రోలా, 95 ఆక్టేనా? సిటీ మైలేజ్ 15 నుంచి 12కి పడిపోయింది, ఏం కొట్టించాలి?

కేపీహెచ్‌బీ కుర్రాడు

అన్నలూ ఒక డౌట్, చిన్నదే కానీ బుర్ర తినేస్తోంది. నాది 2022 మోడల్ 1.2 పెట్రోల్ మాన్యువల్ హ్యాచ్‌బ్యాక్, టర్బో గిర్బో ఏం లేదు. కొన్న కొత్తలో సిటీలో లీటర్‌కి 15 ఇచ్చేది, మా ఊరు ఖమ్మం వెళ్తే హైవే మీద 20 చూపించేది. ఇప్పుడు కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీస్, ఆఫీస్ నుంచి ఇల్లు, ఇంతే తిరుగుడు, డిస్‌ప్లేలో 12 దాటట్లేదు. హైవే మీద కూడా పదిహేడున్నర అంతే. సర్వీసింగ్‌లు అన్నీ టైముకే చేయించా, షోరూం వాళ్ళని అడిగితే "అంతా ఓకే సార్, ట్రాఫిక్ సార్" అంటారు, ట్రాఫిక్ నాకు తెలీదా.

మొన్న బంకులో ఆగితే ఆ అబ్బాయి మూత తియ్యకముందే "నార్మలా ప్రీమియమా సార్" అన్నాడు, ఏంటి తేడా అంటే "95 ఆక్టేన్ సార్, పికప్ పెరుగుద్ది, లీటర్‌కి రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువొస్తది" అన్నాడు. లీటర్‌కి ఏడెనిమిది రూపాయలు ఎక్కువ. మా ఆఫీస్‌లో ఇంకో మహానుభావుడు అయితే ఏకంగా 100 ఆక్టేన్ కొట్టించమంటున్నాడు, అది 160 దగ్గరుంది, ట్యాంక్ ఫుల్ చేయిస్తే ఈఎంఐ కట్టినట్టే.

ఎక్కువ ఆక్టేన్ అంటే ఎక్కువ పవర్ అనేగా అర్థం? నిజంగా మైలేజ్ పెరుగుతుందా లేక మన జేబు ఖాళీ చెయ్యడమేనా? ఎవరైనా వాడి చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

స్పానర్ బాబాయ్

తమ్మీ, ముందు పోయి నీ పెట్రోల్ ట్యాంక్ మూత లోపలి స్టిక్కర్ చూడు, లేదా గ్లవ్ బాక్స్‌ల ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా పెట్టిన మాన్యువల్ తియ్యి. ఎన్ని ఆక్టేన్ కావాల్నో అండ్లనే ఉంటది. 91 అని ఉంటే 91 చాలు. బంకులో పొరగాని కంటే ఇంజన్ చేసినోనికే ఎక్కువ తెలుస్తది గదా.

ఇంగ అసలు ముచ్చట. ఆక్టేన్ అంటే పవర్ కాదు, పెట్రోల్‌ల ఉన్న శక్తి కూడా కాదు. తనంతట తను అంటుకోకుండా ఎంతసేపు ఓర్చుకుంటదో చెప్పే నంబర్ అది. ఇంజన్ల పెట్రోల్, గాలి కలిసినదాన్ని పిస్టన్ పైకొచ్చి గట్టిగ నొక్కుతది, నొక్కితే వేడెక్కుతది. అప్పుడు ప్లగ్ నిప్పురవ్వ ఏస్తే మంట అక్కడ మొదలై వరసగ పాక్కుంటు పోవాలె. ఆ మంట చేరకముందే మూలకి మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి ఆగలేక దానంతట అదే భగ్గుమంటే దాన్నే నాకింగ్ అంటరు, బండి గుట్ట ఎక్కేటప్పుడు లోపట గోళీలు గలగల అన్నట్టు ఇనపడ్తది. ఆక్టేన్ ఎక్కువుంటే అది కాదు, అంతే. ఐసో ఆక్టేన్ అనే దానికి 100 మార్కులు, నార్మల్ హెప్టేన్‌కు సున్న, ఈ రెండిటి మధ్యన కొలుస్తరు. 91 అంటే 91 పాళ్ళు ఐసో ఆక్టేన్, 9 పాళ్ళు హెప్టేన్ కలిపినదానితోటి సమానంగ ఆగుతది అని.

నీ ఇంజన్ 91కే చేసిందైతే, అండ్ల నాకింగే లేకపోతే, లేని రోగానికి మందేసినట్టు 95 పోస్తే ఏమొస్తది? నీ బండి 1.2, టర్బో లేదు. రూపాయి లెక్క కూడా చూడు. 107 చిల్లర ఉన్న పెట్రోల్ మీద ఎనిమిది రూపాయలు ఎక్కువ అంటే ఏడు శాతం పైన. అంటే 12 ఇచ్చే బండి 12.9 ఇస్తేనే నీకు లాభం లేదు నష్టం లేదు. 160 పెట్టి 100 ఆక్టేన్ పోస్తే నీ 12 కాస్త 18 కావాలె. అవుతదా? కలలో కూడా కాదు.

ఇంకో మాట, "పికప్ పెరిగింది" అని చెప్పేటోళ్ళ మాట నమ్మకు. పైసలు ఎక్కువ పెట్టినంక ఎవనికైనా బండి గుంజుతున్నట్టే అనిపిస్తది.

కేపీహెచ్‌బీ కుర్రాడు

బాబాయ్ థాంక్స్, స్టిక్కర్ చూశా, 91 కనీసం అని ఉంది, ఇథనాల్ గురించి ఈ10 అని కూడా ఉంది. సరే ఆక్టేన్ సంగతి అర్థమైంది. కానీ మరి 15 నుంచి 12కి ఎందుకు పడినట్టు? అదే రోడ్డు అదే నేను అదే బండి.

కాకినాడ కాజా

అక్కడే ఉందండి మెలిక, మీ స్టిక్కర్ మీద ఈ10 అన్నారు చూడండి. మీరు బండి కొన్నప్పుడు బంకుల్లో పోసింది నూటికి పది పాళ్ళు ఇథనాల్ కలిపినది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఈ20 మొదలుపెట్టారు, మెల్లగా పాకుతూ 2025కి వచ్చేసరికి దేశమంతా దాదాపు అదే అయిపోయింది. ఇప్పుడు మీరు "నార్మల్" అని కొట్టించుకుంటున్నది ఈ20 అండి, అడగక్కర్లేదు.

ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువే, 108 దాకా ఉంటుంది, కానీ లీటర్‌కి ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండొంతులే. పెట్రోల్ లీటర్‌లో 32 మెగాజౌల్స్ అనుకుంటే ఇథనాల్‌లో 21. అంటే ఐదో వంతు ఇథనాల్ కలిపితే మొత్తం మీద శక్తి ఆరున్నర ఏడు శాతం తగ్గిపోతుంది, పూర్తి పెట్రోల్‌తో పోలిస్తేనండి. ఈ10 తో పోలిస్తే మూడున్నర శాతం. అంటే మీ 15 లోంచి ఇథనాల్ వల్ల పోయేది మహా అయితే అర కిలోమీటరు. మిగతా రెండున్నర ఎక్కడికి పోయిందో వేరే వెతుక్కోవాలి. అన్నీ ఇథనాల్ నెత్తిన రుద్దేసేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది, అలాగని ఏమీ తగ్గదు అనేవాళ్ళని చూసినా అంతే.

నీతి ఆయోగ్ వాళ్ళు 2021లో వేసిన రోడ్‌మ్యాప్‌లోనే రాశారండి, అసలు ఇథనాల్ లేని పెట్రోల్‌కి డిజైన్ చేసి ఈ10 కి ట్యూన్ చేసిన కార్లలో 6-7 శాతం తగ్గుతుందని, ఈ10 కి డిజైన్ చేసి ఈ20 కి ట్యూన్ చేసినవాటిలో ఒకటి రెండు శాతమేనని. తర్వాత 2025 ఆగస్టులో ఈ20 మీద గొడవ పెద్దదయ్యాక పెట్రోలియం శాఖ ఆ మొదటి అంకెని 3-6 అని చెప్పింది. మీది ఆ రెంటికీ మధ్యలో పడుతుంది.

ఇంకో తమాషా చెప్తాను. అదే ఆగస్టు వివరణలో ఆ శాఖ వాళ్ళే అన్నారు, మామూలు పెట్రోల్ ఆక్టేన్ బీఎస్2 (బీఎస్ అంటే పొగ నియమాల మెట్లండి) రోజుల్లో 88, బీఎస్4లో 91, ఇప్పుడు 20 శాతం ఇథనాల్‌తో 95 అయిందని. మరి మామూలుదే 95 అయితే, మనం ఎనిమిది రూపాయలు ఎక్కువిచ్చి కొనే 95 దేనికండి? కడిగే కెమికల్స్ కలుపుతారు, నాజిల్సూ వాల్వులూ శుభ్రంగా ఉంచుతాయి, అది నిజమే. కానీ ఆక్టేన్ పేరు చెప్పి అమ్ముతున్నప్పుడు ఈ ముక్క కూడా చెప్పాలి కదా.

(మాకిక్కడ ఇంకో జబ్బుందండి, ఏ పెట్రోల్ అన్నది కాదు, ఎక్కడి పెట్రోల్ అన్నది. మా ఆంధ్రలో 31 శాతం వ్యాట్, ఆ పైన లీటర్‌కి నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. పక్కనే యానాం దాటితే పుదుచ్చేరి పన్ను, బాగా తక్కువ. ఆ చుట్టుపక్కల పనున్నా లేకపోయినా అటు తిరిగి ట్యాంకు నింపుకొచ్చేవాళ్ళు బోలెడుమంది. ఆ పోయిరావడానికి ఎంత కాలిందో మాత్రం ఎవరూ లెక్క వెయ్యరు.)

టర్బో పిచ్చోడు

బాబాయ్ చెప్పింది ఆ కేపీహెచ్‌బీ కుర్రాడి బండికి కరెక్ట్, కానీ ఆక్టేన్ వల్ల ఏమీ ఉండదు అని అందరికీ ఒకే మాట చెప్పేస్తే ఒప్పుకోను. నాది 1.0 లీటర్ టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్. మా అనంతపురం ఎండలు తెలుసు కదప్పా, మే నెలలో 42, 43 డిగ్రీలు, ఏసీ ఫుల్లు, నలుగురు మనుషులు, బెంగళూరు హైవే మీద పొడుగాటి ఎత్తులు. టర్బో గాలిని ముందే నొక్కి పంపిస్తుంది, ఆ గాలి వేడిగా ఉంటుంది, అందుకే ఇట్లాంటి ఇంజన్లలో నాకింగ్ ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. నాక్ సెన్సర్ పసిగట్టగానే కంప్యూటర్ ప్లగ్ టైమింగ్ వెనక్కి జరుపుతుంది, మనకి శబ్దం వినపడదు కానీ టైమింగ్ వెనక్కి పోయిందంటే అదే పెట్రోల్‌కి తక్కువ పని జరుగుతుంది, పవరూ తగ్గుతుంది, మైలేజూ తగ్గుతుంది. అక్కడ ఆక్టేన్ ఎక్కువుంటే టైమింగ్ మళ్ళీ ముందుకొస్తుంది, తేడా తెలుస్తుంది. నేను ఎండాకాలం లాంగ్ ట్రిప్పులకి ప్రీమియమే కొట్టిస్తా, సిటీలో మామూలుదే.

చాలా టర్బో కార్ల మాన్యువల్స్‌లో "91 కనీసం, 95 అయితే మంచిది" అన్నట్టు రెండు ముక్కలుంటాయి. కనీసం వేరు, మంచిది వేరు. మొదటిది ఇంజన్ చెడకుండా, రెండోది వాళ్ళు బ్రోచర్‌లో రాసిన పవర్ రావడానికి.

స్పానర్ బాబాయ్

నేనేమన్న? 91కే చేసిన ఇంజన్ అన్న, టర్బో లేదు అన్న. నీ మాట నీ బండికి కరెక్టే, కాదన్నదెవడు. కానీ నువ్వు చెప్పేదాన్ల కూడా ఎత్తు, ఎండ, లోడు, ఏసీ అన్నీ కలిసినప్పుడే ఫరక్ ఉన్నది. ఇంటి నుంచి సూపర్ మార్కెట్‌కు పోయెటోడు టర్బో అయినా ఏం పోసినా ఒకటే.

పాత ముచ్చట ఒకటి యాదికొచ్చింది. మేము పని నేర్చుకున్న కాలంల ఆక్టేన్ పెంచెతందుకు పెట్రోల్‌ల సీసం కలిపేటోళ్ళు, ప్లగ్ ఇప్పితే బూడిద రంగు పొర కనపడేది. 2000 సంవత్సరం ఫిబ్రవరి నుంచి దేశమంత సీసం లేని పెట్రోలే అయింది. ఇప్పుడు ఆ పని ఇథనాల్ చేస్తున్నది. ఆక్టేన్ పెంచెతందుకు ఇథనాల్ మంచిదే, లీటర్ లెక్కన మైలేజ్‌కే మంచిగ కాదు. ఒకే సీసాల రెండు గుణాలు.

కేపీహెచ్‌బీ తమ్మీ, నీ మిగతా రెండున్నర ఎక్కడికి పోయిందో ఎతుకుదాం. ముందు డిస్‌ప్లే నంబర్ పక్కన పెట్టు, అది జర ఆశ చూపెడ్తది. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు, ఆటో కట్ అయ్యేదాంక పోయించు, ఆ తర్వాత రౌండ్ ఫిగర్ చెయ్యమనకు, ట్రిప్ మీటర్ సున్న చెయ్యి. ట్యాంక్ అడుగుకు వచ్చినంక మళ్ళ అక్కడనే కటాఫ్ దాంక పోయించు. తిరిగిన కిలోమీటర్లు భాగించు పోసిన లీటర్లు. ఒక్క ట్యాంకుతో తేల్చకు, కొన్ని ట్యాంకులు రాస్కో. వంద రూపాయలది, రెండొందలది పోయిస్తుంటే మైలేజ్ ఎవ్వడు చెప్పలేడు.

తర్వాత టైర్లల గాలి. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటది, దాని మీద ఎంత ఉంటే అంత, పొద్దుగాల బండి నడపక ముందు చల్లగున్నప్పుడు చూపించు. పది కిలోమీటర్లు పోయినంక చూస్తే వేడికి ఎక్కువ చూపెడ్తది, నువ్వు మంచిగున్నదనుకుంటవ్.

బండి ఆపినంక నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడు, ముట్టుకోకు, దగ్గర పెట్టు చాలు. మిగతా మూడిటికంటే ఒకటి బాగ కాలుతుంటే బ్రేక్ పట్టుకుంటున్నట్టు. ఇంజన్ వేడి కాటా చూడు, అరగంట నడిపినా అది నడిమికి రాకుండ కిందనే ఉంటే థర్మోస్టాట్ (ఇంజన్ చల్లబరిచే నీళ్ళను ఆపి ఇడిచే వాల్వు) తెరుచుకొని ఉండిపోయిందేమో, ఇంజన్ ఇంకా చల్లగున్నదనుకొని కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ పోస్తనే ఉంటది. ఇది చాలామంది పట్టించుకోరు, లైట్ కూడా ఎలగదు కొన్నిసార్లు. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు ఎట్లాగు సర్వీసింగ్‌ల మార్చే ఉంటరు, బిల్లుల ఉన్నదో లేదో మాత్రం చూస్కో.

డాలస్ డ్రైవర్

ఇక్కడ అమెరికాలో కూడా ఇదే రామాయణం. మా దగ్గర పంపు మీద 87, 89, 93 అని మూడు బటన్లుంటాయి. కొత్తగా వచ్చిన మనవాళ్ళు 87 చూసి "అయ్యో ఇండియాలో 91 కదా, ఇదేదో నాసిరకం" అనుకుని 93 నొక్కేస్తారు, నా రూమ్మేట్ అయితే సెకండ్‌హ్యాండ్ కారుకి కొన్నాళ్ళు అదే పోశాడు. ఇక్కడ కొలిచే పద్ధతి వేరు. ఇండియాలో రాసేది ఆర్‌ఓఎన్, తేలికపాటి పరిస్థితుల్లో కొలిచేది. ఇంకోటి ఎంఓఎన్ అని ఉంటుంది, కాస్త కఠినంగా కొలుస్తారు, అంకె తక్కువొస్తుంది. అమెరికాలో రెండూ కలిపి సగం చేసి రాస్తారు. కాబట్టి ఇక్కడి 87 అంటే అక్కడి 91 చుట్టుపక్కలే, ఇక్కడి 93 అంటే అక్కడి 98 దగ్గర. కొలరాడో కొండల వైపు వెళ్తే 85 కూడా కనపడుతుంది, ఎత్తులో గాలి పల్చగా ఉండి ఇంజన్లో ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి పాత రోజుల్లో మొదలైంది, కొత్త కార్లకి మాత్రం అక్కడ కూడా 87 వాడమనే కంపెనీలు చెప్తాయి.

ట్రిపుల్ ఏ అని ఇక్కడ పెద్ద మోటారిస్టుల సంఘం ఉంది, 2016లో వాళ్ళు పరీక్ష చేసి చెప్పారు, రెగ్యులర్ చాలన్న కార్లలో ప్రీమియం పోసి అమెరికా వాళ్ళు ఏడాదిలో 210 కోట్ల డాలర్లు తగలేశారని. పవర్, మైలేజ్, పొగ, దేంట్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదట. కాబట్టి ఆ బంకు అబ్బాయిని మరీ తిట్టకండి, ప్రపంచమంతా ఇదే వ్యాపారం.

జగిత్యాల టు దుబాయ్

అన్నా ఇక్కడ ఈ-ప్లస్ 91, స్పెషల్ 95, సూపర్ 98, మూడు. నేను కంపెనీ బండి నడుపుత, మా సూపర్‌వైజర్ కార్డుల స్పెషలే పోయమంటడు, మాన్యువల్ల అదే ఉన్నది. 98 పోసెటోళ్ళు అందరు స్పోర్ట్స్ కార్లోళ్ళే అనుకున్న, కాదు, నిస్సాన్ సన్నీ లాంటి మామూలు కార్లకు కూడా పోయించుకుంటరు. నెల నెల రేటు మారుతది ఇక్కడ, నెలాఖరు రాత్రి రేపటి నుంచి పెరుగుతది అంటే లైన్ చూడాలె, మన దగ్గర లెక్కనే.

పాత బండి

నాది 2011 కారండీ, 1.2 పెట్రోలే. ఈ20 వల్ల రబ్బరు పైపులు పోతాయంటున్నారు, మైలేజ్ సంగతి పక్కనపెట్టి నాకు ఆ భయం ఎక్కువుంది. 100 ఆక్టేన్ దాంట్లో ఇథనాల్ ఉండదంటున్నారు, అది కొట్టిస్తే మంచిదా? మాకు తణుకులో అది దొరకదు కూడా అనుకోండి.

కాకినాడ కాజా

పాత బండి గారూ, కంగారు పడకండి, అలాగని పట్టించుకోకుండా కూడా ఉండకండి. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లకి ఈ20 తట్టుకునే రబ్బర్లు వేసే ఏర్పాటు, 2025 ఏప్రిల్ నుంచి ఇంజన్ ట్యూనింగ్ కూడా దానికే. మీది వాటికన్నా బాగా ముందుది. ప్రభుత్వమే చెప్పిందండి, పాత బండ్లలో కొన్నిటికి ఒక ఇరవై ముప్ఫై వేల కిలోమీటర్లు నడిచాక కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని. అదేమంత పెద్ద ఖర్చు కాదు. కాబట్టి సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు పెట్రోల్ పైపులు, ఇంజెక్టర్ల ఓ-రింగులు, ట్యాంక్ దగ్గర చెమ్మ ఉందేమో చూడమని ప్రత్యేకంగా చెప్పండి. కారు పక్కన పెట్రోల్ వాసన వస్తే మాత్రం రేపు మాపు అనకండి.

ఇంకోటి, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి కదలకుండా షెడ్డులో పడుంటే, అందులోనూ మన కోస్తా తేమకి, ట్యాంకు సగం ఖాళీగా ఉంచకండి, వారానికోసారైనా తిప్పండి. ఆ 100 ఆక్టేన్ ఎక్స్‌పీ100 అనే దాని సంగతి, 2020 డిసెంబర్‌లో మొదలైంది, మథుర రిఫైనరీలో చేస్తారు, ఖరీదైన బైకులకీ కార్లకీ అని పెట్టారు. మీ బండికి దానితో పన్లేదు. ఆ డబ్బేదో అవసరమైతే పైపులు కొత్తవి వేయించుకోవడానికి పెట్టండి.

కేపీహెచ్‌బీ కుర్రాడు

అప్‌డేట్ ఇస్తున్నా, కొంచెం లేటైంది, ఆఫీస్‌లో రిలీజ్ ఉండి కుదర్లేదు. బాబాయ్ చెప్పినట్టు కటాఫ్ నుంచి కటాఫ్ లెక్క రాసుకుంటూ వచ్చా. ముందు గాలి, నాలుగు టైర్లలో మూడు 26, 27 ఉన్నాయి, స్టిక్కర్ మీద 33. వాడు గాలి కొట్టేవాడు ఎప్పుడూ "సరిపోయింది సార్" అనేవాడు, వాడి మీటర్ మీద అంకెలు చెరిగిపోయి ఉంటాయి. చిన్న మీటర్ ఒకటి కొనుక్కున్నా. చక్రాలు ఏవీ కాలట్లేదు, వేడి కాటా నడిమికి వచ్చేస్తోంది.

గాలి పెట్టించాక ఖమ్మం వెళ్ళొస్తే హైవే మీద లెక్క కట్టి 18.5 వచ్చింది, డిస్‌ప్లే మాత్రం 19.6 అంది, బాబాయ్ అన్నట్టే ఆశ చూపిస్తోంది. ఈసారి 90 దాటించకుండా నడిపాలెండి, అది కూడా ఉంది. పనిలో పని 95 కూడా కొన్ని ట్యాంకులు కొట్టించి చూశా, మామూలుదానితో పోలిస్తే ఒకసారి కొంచెం ఎక్కువ ఒకసారి కొంచెం తక్కువ, ఏడు శాతం మాట దేవుడెరుగు. ఆపేశా. సిటీలో మాత్రం 13 దగ్గరే ఆగిపోయింది. అది ఇంక పెరగదా?

స్పానర్ బాబాయ్

సిటీల పెరగాలంటే ట్రాఫిక్ తగ్గాలె తమ్మీ. లెక్క చెప్త విను. నీ ఆఫీస్ ఒక పదకొండు కిలోమీటర్లనుకో. ఎక్కడ ఆగకుండ పోతే లీటర్‌కు 15 ఇచ్చే బండి ఆ దూరానికి ముప్పావు లీటర్ లోపల తాగుతది. ఇప్పుడు సిగ్నళ్ళ దగ్గర, జేఎన్‌టీయూ దగ్గర, హైటెక్ సిటీ ఫ్లైఓవర్ కింద మొత్తం కలిపి పావుగంట ఏసీ ఏసుకొని నిలబడ్డవనుకో. చిన్న ఇంజన్ కూడా నిలబడి ఏసీతోటి గంటకు ముప్పావు లీటర్, ఇంచుమించు లీటర్ దాంక తాగుతది. పావుగంటకు ఎంతలేదన్నా 0.2 లీటర్. ఒక్క అడుగు కదలకుండనే. రెండు కలిపి భాగిస్తే 12 కంటె జర తక్కువకొచ్చి నిలబడ్తది. చూసినవా, బండిల ఏ ఖరాబు లేకుండనే. నువ్వు కొన్న కొత్తల 2022ల సగం ఆఫీసులు ఇంటి నుంచే నడిచినయి, రోడ్లు ఖాళీ. "అదే రోడ్డు" అంటివి చూడు, అదే రోడ్డు కాదది.

కంపెనీ చెప్పే 20, 22 అనే నంబర్లు ఎట్లొస్తయంటే, బండిని రోలర్ల మీద పెట్టి, ఏసీ బంద్ చేసి, 90 దాటకుండ ఒక లెక్క ప్రకారం నడిపి తీస్తరు. ఆ లెక్కల కూకట్‌పల్లి మెట్రో స్టేషన్ కింద ఆటోవాలా అడ్డం రాడు.

సిగ్నల్ 40, 50 సెకన్లు ఉంటే ఇంజన్ ఆపు. ముందు రెడ్ కనపడితే గేర్‌లనే ఉంచి యాక్సిలరేటర్ ఇడువు, న్యూట్రల్ చెయ్యకు. గేర్‌ల ఉంటే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతయి, కంప్యూటర్ పెట్రోల్ బంద్ చేస్తది, న్యూట్రల్‌ల అయితే ఆగిపోకుండ ఉండెతందుకు పోస్తనే ఉంటది. దిగుట్ల న్యూట్రల్ వేసి పెట్రోల్ మిగులుతదనుకునేటోళ్ళు ఇంక ఉన్నరు, పెట్రోల్ మిగలదు, బ్రేకులు వేడెక్కి పానం మీదికొస్తది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు 30 స్పీడ్‌ల నాలుగో గేర్‌ల గుంజకు, బండి గడగడ అంటది, నాకింగ్ అక్కడే మొదలైతది. మూడుకు దించు.

టర్బో పిచ్చోడు

హైవే మీద మాత్రం స్పీడే అసలు శత్రువు, ఇందులో నేను బాబాయ్ పార్టీ. గాలి అడ్డుకునే బలం వేగం పెరిగినట్టు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80 లో వెళ్ళేవాడు 110 కి వెళ్తే గాలి బలం దాదాపు రెట్టింపు. హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద లోపలి లేన్లకి 120 లిమిట్ ఉంది కదా అని నొక్కితే నీ 18.5 మళ్ళీ 15 చేసేసుకుంటావ్. పైన క్యారియర్ ఉంటే తీసెయ్, ఖాళీ క్యారియర్ కూడా తింటుంది.

నేను మాత్రం ఎండాకాలం లాంగ్ ట్రిప్‌కి ప్రీమియం మానను, ముందే చెప్తున్నా.

స్పానర్ బాబాయ్

నీ బండి నీ పైసలు, పోయించుకోరాదు.

కేపీహెచ్‌బీ కుర్రాడు

హహ సరే. చివరిగా ఒకటే, గాలి షాపువాడు నైట్రోజన్ కొట్టించుకోమంటున్నాడు, టైర్‌కి యాభై రూపాయలట, మైలేజ్ పెరుగుతుందంటున్నాడు. అది కూడా ఇలాంటిదేనా?

కాకినాడ కాజా

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉందండి, అది వాడు ఫ్రీగానే కొడుతున్నాడు. నైట్రోజన్ అయితే కాస్త నిదానంగా దిగుతుంది, అంతవరకే. మీ దగ్గర మీటర్ ఉంది కదా, పదిహేను రోజులకోసారి పొద్దున్నే చూసుకుని మామూలు గాలి కొట్టించుకోండి.